పన్ను కట్టిన సైనికుడు – సర్ థామస్ మన్రో

చదువవలసిన వేదభాగములు: లూకా 3:10-14, నెహెమ్యా 5:1-13

బాప్తిస్మమిచ్చు యోహాను బోధకు కదిలి వచ్చిన జనులలో సుంకరులును సైనికులును ఉండిరని లూకా వ్రాసెను. తాము చేయవలసినదేమని వీరుభయులును ఆయనను అడిగిరి. ఉద్యోగములు మానుకొనుడని ఆయన చెప్పలేదు. సుంకరులు కట్టిన మొత్తమును మించి వసూలు చేయరాదని, సైనికులు బలహీనులను బెదిరించి దోచుకొనక, దొరకు జీతముతో సరిపెట్టుకొనవలెనని మాత్రమే బోధించెను.

అయితే ఇక్కడ మనకొక ప్రశ్న మిగులుచున్నది. కట్టిన మొత్తమే మోయలేనంతటిదైనయెడల ఏమి చేయవలెను? ఆ మొత్తమును కట్టినవాడే ఆ సుంకరియైనయెడల అతడు దేవుని యెదుట ఏమని జవాబు చెప్పవలెను? రెండువందల యేండ్ల క్రిందట మన కర్నూలు, కడప సీమలలో ఒక సైనికుని ముందుకు ఈ ప్రశ్న నిజముగా వచ్చెను. ఆయనే సర్ థామస్ మన్రో. మన పల్లెల పెద్దలు మన్రో దొర అని చెప్పుకొనినది ఈయననే. ఈయన మిషనరీ కాడు, బోధకుడు కాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులోని సైనికోద్యోగి. అయినను ఈయన జీవితములో మనము నిలిచి ఆలోచింపవలసిన సంగతియొకటి కలదు గనుక ఈ నెల దానిని మా చదువరుల ముందుంచుచున్నాము.

మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశములోని గ్లాస్గో పట్టణమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాలోని వర్జీనియా సీమతో వర్తకము చేయుచుండెను. బాల్యములో తట్టు సోకుటచేత థామస్‌కు చెవులు కొంత మందగించెను. ఆ లోపము జీవితాంతము ఉండెను. అయినను గ్లాస్గో విశ్వవిద్యాలయములో శ్రద్ధగా చదువుకొనెను. ఇంతలో 1776లో అమెరికావారు స్వాతంత్ర్యము ప్రకటించి ఇంగ్లండుతో యుద్ధము సాగించుటచే ఆ వర్తకము కూలిపోయి, కలిగిన కుటుంబము అప్పులలో పడెను. అందుచేత కుమారుడు పొట్టకూటికై సముద్రము దాటవలసివచ్చెను. 1780 జనవరిలో, ఇంకను పందొమ్మిది యేండ్లు నిండకమునుపే, కంపెనీ కాలిదండులో కేడెట్‌గా మద్రాసులో దిగెను.

అది శాంతికాలము కాదు. ఆ సంవత్సరమే హైదరాలీ కర్ణాటక సీమపై విరుచుకుపడెను. పొల్లిలూరు యొద్ద కంపెనీ పటాలము నాశనమైన సెప్టెంబరు నెలలో మన్రో దగ్గరలోనే ఉన్న ప్రధాన సైన్యములో ఉండెను. 1784లో సంధి జరుగువరకు ఆ యుద్ధములోను, మరల 1790 నుండి 1792 వరకు టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధములోను పనిచేసెను. పటాలములో జీతము స్వల్పము. అయినను దానిలో మిగిల్చి తల్లిదండ్రులకు పంపుచుండెను. తీరిక సమయములో పారశీ, హిందుస్తానీ భాషలు నేర్చుకొనెను. ఈ భాషాజ్ఞానమే ఆయన బ్రతుకును మలుపు త్రిప్పెను. 1792లో టిప్పు విడిచిపెట్టిన బారామహలు సీమకు, అనగా నేటి సేలము, ధర్మపురి ప్రాంతములకు, కెప్టెన్ రీడ్ అను అధికారి క్రింద సహాయకునిగా నియమింపబడెను. కత్తి పట్టిన చేతికి కొలగొలుసు వచ్చెను. అక్కడ ఏడేండ్లు పొలములు కొలుచుచు, రైతులతో మాటలాడుచు శిస్తు పని నేర్చెను. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన తరువాత కొంతకాలము కన్నడ తీరదేశమునకు కలెక్టరుగా పనిచేసెను.

1800 అక్టోబరులో నైజాము నవాబు తన దేశములో ఉంచుకొన్న ఇంగ్లీషు సైన్యపు ఖర్చు క్రింద బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతములను, నేటి కర్నూలు సీమలో కొంతభాగమును కంపెనీకి దత్తము చేసెను. కర్నూలు పట్టణము మాత్రము 1839 వరకు అక్కడి నవాబు చేతిలోనే ఉండెను. ఆ విధముగా మన సీమకు దత్తమండలములని పేరు వచ్చెను. 1928లో నంద్యాలలో జరిగిన సభలో రాయలసీమ అను పేరు పెట్టువరకు ఆ పేరే వాడుకలో ఉండెను. ఈ దత్తమండలములకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో వచ్చెను. ఆయన క్రింద నలుగురు సబ్ కలెక్టర్లు ఉండిరి.

అప్పటి మన సీమ స్థితి ఎట్టిదో ఊహించుకొనుడి. ఇంచుమించు ఎనభైమంది పాలెగాండ్రు చిన్న చిన్న కోటలు కట్టుకొని, వేలకొలది బంట్లను పోషించుచుండిరి. ఒక్క పంటకు ముగ్గురు నలుగురు పన్ను అడుగుచుండిరి. ఏ ఊరి రెడ్డి ఏ పాలెగానికి ఎంత ఇచ్చుకొనవలెనో నిశ్చయము లేకుండెను. మన్రో సైన్యసహాయముతో పాలెగాండ్రను అణచెను. కొందరిని వెళ్లగొట్టి, కొందరికి భరణములు ఏర్పరచెను. ఈ పనిలో ఆయన కఠినముగానే వ్యవహరించెను. లండనులోని కంపెనీ డైరెక్టర్లే అందుకు తప్పుపట్టిరి. భరణములపై బ్రతుకవలసివచ్చిన ఆ కుటుంబములలో అసంతృప్తి చల్లారలేదు. మన్రో చనిపోయిన చాలకాలమునకు, 1846లో, కోయిలకుంట్ల ప్రాంతమున ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడుటకు భరణపు తగవు ఒక కారణమాయెను. ఒకని మేలు మాత్రమే చెప్పి, వాని చేతిలో దెబ్బతిన్నవారిని మరచుట సత్యము కాదు గనుక దీనినిక్కడ వ్రాయుచున్నాము.

ఏడేండ్లు మన్రో ఈ సీమలో ఊరూర తిరిగెను. ఎక్కువకాలము గుడారములలోనే గడిపెను. దొరగారు మేడలో ఉన్నయెడల బీదరైతు గుమ్మము దాటి లోపలికి రాలేడనియు, గుడారము వేసినచోటికి ఎవడైనను వచ్చి మొరపెట్టుకొనవచ్చుననియు ఆయన గ్రహించెను. 1802లో పొలముల కొలత ప్రారంభమాయెను. ముప్పదిమూడు అడుగుల గొలుసుతో ప్రతి చేనును కొలిచిరి. ఆ గొలుసు పొడవున నలుప్రక్కల చదరము ఒక గుంట. నలుబది గుంటలు ఒక ఎకరము. నేటికిని మన పల్లెలలో గుంటలు, ఎకరములు అని లెక్క చెప్పుకొనుచున్నాము గదా. కొలిచిన వెనుక నేల రకమునుబట్టి, అనగా నల్లరేగడియా, ఎర్రనేలయా, మెట్టయా, మాగాణియా, బావిక్రింది తోటయా అని చూచి, ప్రతి చేనికి శిస్తు కట్టిరి. ఈ పని 1806 నాటికి ముగిసెను.

దీనినే రైతువారీ పద్ధతియందురు. బంగాళాదేశములో 1793 నుండి జమీందారులకు భూమిని శాశ్వతముగా అప్పగించిరి. మన కోస్తా జిల్లాలలోను అదే పద్ధతిని ప్రవేశపెట్టిరి. 1948 చట్టము వచ్చువరకు అక్కడి రైతులలో అనేకులు జమీందారుల క్రిందనే ఉండిరి. మన్రో దీనికి ఒప్పుకొనలేదు. సర్కారుకును రైతుకును నడుమ మరియొకడు ఉండరాదనియు, ఎవని చేనికి వాని పేరున పట్టా ఉండవలెననియు, తాను చెల్లింపవలసినదెంతో రైతుకు ముందుగా తెలియవలెననియు వాదించెను. దత్తమండలములలో పెద్ద జమీందారీలు లేకపోవుటకు ఇదియే ముఖ్య కారణము.

ఇక్కడ మన సంఘములవారు మరువరాని సంగతియొకటి కలదు. గొలుసు చేనిని కొలిచెను గాని, ఆ చేనిలో గింజలకూలికి పనిచేయువానిని కొలువలేదు. పట్టా భూమి గలవాని పేరున వ్రాయబడెను. మన సంఘములలో అనేకుల పూర్వులకు ఆనాడు పట్టా లేదు. వారు ఇతరుల చేలలో దున్నిరి, కోసిరి, కళ్లములో మిగిలినది తెచ్చుకొనిరి. మన్రో మంచి కొలతలో కూడ వారికి చోటు దొరకలేదు. మనుష్యులు చేయు న్యాయమునకు ఎల్లప్పుడును ఒక సరిహద్దు కనబడుచుండును.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వత్తము. ఏడేండ్లలో కంపెనీకి వచ్చు రాబడి సుమారు పది లక్షల వరహాల నుండి పదునైదు లక్షల వరహాలకు పెరిగెను. పై అధికారులు సంతోషించిరి. సాధారణముగా ఉద్యోగి యెవడైనను అక్కడితో తన పని బాగుగా నెరవేరెనని ఎంచి ఊరకుండును. అయితే మన్రో గుడారములో కూర్చుండి వేసిన లెక్క వేరుగా ఉండెను. తాను కట్టించిన శిస్తు పండిన పంటలో నూటికి నలుబదియైదు వంతుల దాక పోవుచున్నదని ఆయన చూచెను. పది మూటలు పండినచోట నాలుగున్నర మూటలు సర్కారువే. విత్తనము, ఎద్దుల మేత, కూలి అన్నియు మిగిలినదానిలోనే జరుగవలెను. వాన లేని సంవత్సరమునకు రైతు దాచుకొనునదేమియు ఉండదు. మన సీమలో వాన రాని సంవత్సరములు ఎన్నియో మీకు మేము చెప్పనక్కరలేదు.

కాబట్టి 1807లో, ఇంగ్లండునకు వెళ్లబోవుచు, ఆయన మద్రాసు ప్రభుత్వమునకు ఒక నివేదిక వ్రాసెను. తాను కట్టిన శిస్తును అన్ని భూములపైనను నూటికి ఇరువదియైదు వంతులు తగ్గింపవలెననియు, బావినీటితో పండు తోటలకు ఇంకను ఎనిమిది వంతులు తగ్గింపవలెననియు సిఫారసు చేసెను. అట్లు చేసినచో సర్కారు భాగము పంటలో మూడింట ఒకవంతునకు దిగుననియు, భూమికి విలువ కలిగి రైతు నిలద్రొక్కుకొనుననియు ఆయన అభిప్రాయము. తనకు మెప్పు తెచ్చిన లెక్కనే తానే తప్పని చెప్పుట తేలిక కాదు.

ప్రభుత్వము ఆ మాట వినలేదు. తగ్గించుటకు మారుగా 1808 నుండి గ్రామములను గుత్తకిచ్చెను; మొదట మూడేండ్లకు, తరువాత పదియేండ్లకు. ఊరి మొత్తమునకు ఒక రెడ్డియో మరియొకడో పూటబడవలెను. గుత్తసొమ్ము చెల్లింపలేక అనేకులు ఆస్తులు పోగొట్టుకొనిరి. బలముగల గుత్తదారులు రైతులను పీడించిరి. మన్రో అప్పుడు సముద్రమునకు అవతల ఉండెను.

ఆయన 1814లో జేన్ కాంబెల్ అను ఆమెను వివాహమాడి, ఆ సంవత్సరమే న్యాయస్థానములను సంస్కరించు పనిమీద మద్రాసునకు తిరిగివచ్చెను. చిన్న తగవుల కొరకు పల్లెవారు దూరపు కోర్టులకు తిరిగి నశించిపోకుండునట్లు గ్రామ మునసబులకును పంచాయతీలకును అధికారమిచ్చు చట్టములు 1816లో ఆయన శ్రమవలన వచ్చెను. 1817లో మరాఠా యుద్ధము రాగా మరల కత్తి పట్టి, స్వల్ప సైన్యముతో బాదామి, బెల్గాము, షోలాపురము కోటలను వశపరచుకొనెను. 1820 జూన్ నెలలో మద్రాసు రాజధానికి గవర్నరాయెను.

పదమూడేండ్ల క్రిందట కలెక్టరుగా అడిగి పొందలేనిదానిని గవర్నరు పీఠమెక్కిన వెంటనే నెరవేర్చెను. గుత్తపద్ధతి పోయి రైతువారీ తిరిగివచ్చెను. దత్తమండలములలో మెట్టకును మాగాణికిని నూటికి ఇరువదియైదు వంతులు, తోటలకు ముప్పదిమూడు వంతులు శిస్తు తగ్గెను. ఇది ఆయన 1807లో వ్రాసిన లెక్కయే. పదవి పెరిగినకొలది పాత మొరలు మరచువారు లోకములో మెండు. ఈయన మరువలేదు.

గవర్నరుగా చేసిన పనులలో మరి రెండు చెప్పెదము. 1822లో రాజధాని యంతట ఎన్ని బడులున్నవో విచారింపుమని కలెక్టర్లకు ఆజ్ఞాపించెను. 1826లో లెక్క తేలగా ఇంచుమించు పన్నెండువేల ఐదువందల బడులలో లక్షా ఎనుబదియెనిమిదివేల మంది పిల్లలు చదువుచుండిరి. ఇది చాలదని ఎంచి జిల్లాలలోను తాలూకాలలోను సర్కారు బడులు పెట్టుటకు ఆయన ఏర్పాటు చేసెను. ఇక 1824 డిసెంబరు 31న వ్రాసిన దీర్ఘమైన నివేదికలో, దేశస్థులను పెద్ద ఉద్యోగములకు దూరముగా ఉంచుట వారిని దిగజార్చుటయేయనియు, ఈ జనులు ఒకనాడు తమ్మును తామే పరిపాలించుకొనుటకు సిద్ధపడునట్లు చేయవలెననియు వాదించెను. మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటకు నూట యిరువదిమూడేండ్ల ముందు ఒక గవర్నరు కలమునుండి వచ్చిన మాట ఇది.

మతవిషయములో ఆయన నడవడి ఆనాటి కొందరు క్రైస్తవులకు నచ్చలేదు. 1822లోనే బళ్ళారి ప్రాంతమున ఒక సబ్ కలెక్టరు క్రైస్తవబోధ పనిలో పాల్గొనగా, మన్రో అతనిని మందలించెను. మిషనరీలు తమ పని స్వేచ్ఛగా చేసికొనవచ్చును గాని, శిస్తు వసూలు చేయువాడు, శిక్షించు అధికారముగలవాడు బోధకుడైనచో, జనులు భయముచేతనో ఆశచేతనో విందురని ఆయన తలంపు. అదే కాలమున కడపలో లండను మిషను పని ఆరంభమాయెను. ఆ పని కచేరీ బల్లమీద ఆనుకొనక తన కాళ్లమీద నిలిచినందుకు మనము విచారింపనక్కరలేదు. సువార్తకు తాసీల్దారు సిఫారసు అక్కరలేదు గదా.

1823లోనే మన్రో సెలవు కోరెను గాని బర్మా యుద్ధము వచ్చుటచే నిలిచిపోయెను. చిన్నకుమారుడు జబ్బుపడగా 1826లో భార్య బిడ్డతో ఇంగ్లండునకు వెళ్లెను. ఆయనయు రాజీనామా ఇచ్చి, తన స్థానమునకు వచ్చువానికొరకు కనిపెట్టుచుండెను. పోకముందు దత్తమండలములను ఒక్కసారి చూడవలెనని కోరి 1827 మే నెలాఖరున మద్రాసునుండి బయలుదేరెను. గుత్తికి చేరునప్పటికి పరివారములో కలరా కనబడెను. జూలై 6వ తేదీన పత్తికొండలో గుడారము వేసిన ఉదయముననే ఆయనకు ఆ జాడ్యము సోకెను. తన యొద్ద కూర్చున్నవారికి అంటుకొనునేమోయని, తనను విడిచి వెలుపలికి పొమ్మని వారిని బతిమాలెను. నడుమ కొంత తేరుకొనినట్లు కనబడినను, ఆ రాత్రి తొమ్మిదిన్నర గంటలకు ప్రాణము విడిచెను. అప్పటికి ఆయన వయస్సు అరువదియారేండ్లు. మరునాడు గుత్తికోట క్రింద సమాధి చేసిరి. 1831లో ఆయన శల్యములను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ దేవాలయమునకు తీసికొనిపోయిరి.

చెన్నపట్టణములో గుఱ్ఱముపై కూర్చున్న ఆయన కంచువిగ్రహము 1839 నుండి నిలిచియున్నది. పత్తికొండలో ఆయన చనిపోయిన చోట తోపు నాటి, రాతికట్టు బావి త్రవ్వించిరి. కలరా మురికినీటివలన వచ్చునని ఆనాటివారికి తెలియదు. లండనులో జాన్ స్నో అను వైద్యుడు దానిని ఋజువుచేసినది 1854లో. అయినను ఎండిన మన నేలలో ఒక మనుష్యుని జ్ఞాపకార్థముగా బావి త్రవ్వించుట తగియున్నది. సీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనిరి. కడప సీమలోని గండి కొండల నడుమ ఆయనకు బంగారు తోరణము కనబడెనని, అది మరణసూచనయని కథ చెప్పుకొందురు. ఆ కథను మేము కథగానే వ్రాయుచున్నాము. ఆయన పరజాతివాడు, పన్ను వసూలుచేయ వచ్చినవాడు. అట్టివానిని పల్లెజనులు కథలలో నిలుపుకొనిరనుట మాత్రము గమనింపదగినది.

ప్రియులారా, మనలో గవర్నర్లు లేరు. అయినను కొలతయు లెక్కయు మన చేతులలోను ఉన్నవి. వేరుసెనగ పెరుకు కూలివారికి దినకూలి కట్టువారు మనలో ఉన్నారు. కోరుకు చేను ఇచ్చి భాగము నిర్ణయించువారున్నారు. అప్పిచ్చి వడ్డీ కట్టువారున్నారు. సంఘపెద్దలమై ఇంటింటికి చందా నిర్ణయించువారము ఉన్నాము. ఒప్పుకొన్నదానికంటె పైసా ఎక్కువ తీసికొనలేదని చెప్పుకొని నెమ్మదిపడుట సులభము. మొదట ఒప్పించినదే న్యాయమా అని అడిగికొనుట కష్టము. నెహెమ్యా కాలమున యెరూషలేములోని పెద్దలు ఆ ప్రశ్న యెదుట నోరెత్తలేకపోయిరి. తరువాత తీసికొన్న చేలను, ద్రాక్షతోటలను తిరిగి యిచ్చివేసిరి.

ఈ నెల కుటుంబప్రార్థనలో నెహెమ్యా అయిదవ అధ్యాయమును అందరును కూర్చుండి చదువుకొనుడి. చదివిన పిమ్మట మన ఇంట ఎవరి కూలి, ఎవరి భాగము, ఎవరి వడ్డీ మన నోటిమాటచేత నిర్ణయమైనదో లెక్క చూచుకొందము. ఎక్కువైనచోట తగ్గించుటకు మన్రో దొరకు పదమూడేండ్లు పట్టెను. మన చేతిలోనిది మన చేతిలోనే యున్నది గనుక మనకు అంతకాలము అక్కరలేదు.